టీషర్టు మీద రాసిన బాకీ మాట

ఆగస్టు 2025

ఇండియానాపొలిస్‌లోనూ, చుట్టుపక్కల కార్మెల్, ఫిషర్స్, వెస్ట్‌ఫీల్డ్ ఊళ్లలోనూ ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు,

నమస్కారం. మనలో చాలామందికి ఒకరికొకరం తెలుసు. ఉగాదికి కలుస్తాం, బతుకమ్మకి కలుస్తాం, పిల్లల్ని ఒకే స్కూళ్లలో దించి ఒకే రోడ్డు మీద ఆఫీసులకి వెళ్తాం. అందుకే ఈ ఉత్తరంలో ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరినో వేలెత్తి చూపాలని కూడా కాదు. మూడు వారాలుగా మనసులో ఉన్న మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జూలై 19, శనివారం రాత్రి మన ఊరి గెయిన్‌బ్రిడ్జ్ ఫీల్డ్‌హౌస్‌లో అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏ ఆల్‌స్టార్ ఆట జరిగింది, అంటే లీగులోని మేటి ప్లేయర్లంతా రెండు జట్లుగా ఆడే ఆట. మరుసటి రోజు పొద్దున్నే మన వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఆటకి ముందు వార్మప్ చేస్తున్నప్పుడు ప్లేయర్లు వేసుకున్న నల్ల టీషర్టుల ఫొటో. దాని కింద ఒకరు, "ఎవరూ చూడని ఆటకి ఇంకా జీతాలు పెంచాలా?" అని రాశారు. కింద వరసగా నవ్వు బొమ్మలు. ఇంకొకరు, "ముందు డబ్బు సంపాదించి చూపించమనండి" అన్నారు. నేను ఏమీ రాయలేదు. అంతలో మా అమ్మాయి నా ఫోన్‌లో అది చూసింది. "అంకుల్ వాళ్లు మనతో రాలేదు కదమ్మా, ఎవరూ చూడలేదని ఎలా చెప్తున్నారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మేం వెళ్లాం. పై వరసల్లో చౌక టికెట్లు. అవి కూడా చౌకేం కాదు. కింద నుంచి పై దాకా కుర్చీలన్నీ నిండిపోయాయి, పదహారు వేల మందికి పైగా జనం. ఎటు చూసినా 22 నంబరు జెర్సీలే. మా అమ్మాయీ అదే వేసుకుంది. అది మన ఇండియానా ఫీవర్ జట్టు తార కెయిట్లిన్ క్లార్క్ నంబరు. ఆమె ఆ వారంలోనే గజ్జ కండరం పట్టేసి ఆటకి దూరమైంది. తను ఆడే ఊళ్లో, తను కెప్టెన్‌గా తన పేరున ఉన్న జట్టుని బెంచీ దగ్గర నిలబడి చూడాల్సి వచ్చింది. ఆమె ఆడటం లేదని రెండు రోజుల ముందే తెలిసింది. అయినా జనం వచ్చారు. తమ్ముళ్లని చేయి పట్టుకుని తీసుకొచ్చిన అక్కలు, మనవరాళ్లతో వచ్చిన తాతయ్యలు, స్కూలు జట్టు మొత్తం ఒకే రంగు రిబ్బన్లు కట్టుకుని వచ్చిన పిల్లలు.

వార్మప్‌కి రెండు జట్లవాళ్లూ కోర్టు మీదికి వచ్చినప్పుడు మాకు మొదట అర్థం కాలేదు. అందరికీ ఒకే నల్ల టీషర్టు. పెద్ద స్క్రీన్ మీద చూపించాక మా అమ్మాయి చదివింది. "పే అస్ వాట్ యు ఓ అస్." మాకు మీరు పడ్డ బాకీ మాకిచ్చేయండి.

జీతం పెంచండి అని వాళ్లు రాయలేదు. దయ చూపండి అనీ రాయలేదు. బాకీ అన్నారు. ఆ మాట విలువ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బాకీ అంటే ఎదుటివాళ్ల చేతిలో ఉన్న మన సొమ్ము. దాన్ని అడగడానికి తల వంచుకోవాల్సిన పని లేదు. మా గుంటూరు వైపు పత్తి అమ్మిన డబ్బు కోసం వ్యాపారి గుమ్మం ముందు నిలబడ్డ రైతు కూడా అడుక్కోడు, అడుగుతాడు. ఆ రాత్రి కోర్టు మీద నాకు కనిపించింది ఆ నిలబడటమే.

ఆట అయిపోయాక ఇంకొకటి జరిగింది. టీవీలో చూసినవాళ్లకి ఎంత వినిపించిందో నాకు తెలియదు. 36 పాయింట్లతో ఆల్‌స్టార్ రికార్డు కొట్టిన నఫీసా కాలియర్‌కి ట్రోఫీ ఇవ్వడానికి లీగు కమిషనర్ కేథీ ఎంగెల్‌బర్ట్ వచ్చారు. ఆమె మాట్లాడుతుంటే జనంలోంచి మొదలైంది, "పే దెమ్! పే దెమ్!" అని. ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకింది. నా ముందు వరసలో కూర్చున్న డెబ్బై ఏళ్ల పెద్దాయన కూడా చేయెత్తి అరిచారు. మా అమ్మాయి నా వైపు చూసింది, అరవచ్చా అన్నట్టు. నేనే ముందు అరిచాను.

ఇక లెక్కలకి వస్తాను. మన గ్రూపులో సగం మంది రోజంతా అంకెలతోనే పని చేస్తారు కాబట్టి మీకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ ఏడాది, 2025లో, లీగులో 13 జట్లున్నాయి. జట్టుకి ఎక్కువలో ఎక్కువ 12 మంది. అంటే ఇంత పెద్ద దేశంలో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లని కూడా కలుపుకుంటే, మొత్తం 156 ఉద్యోగాలు. వాటిలో అన్నిటికంటే తక్కువ జీతం 66,079 డాలర్లు. అన్నిటికంటే పెద్ద జీతం 2,49,244 డాలర్లు. కెయిట్లిన్ క్లార్క్ లీగు జీతం ఈ ఏడాది 78,066 డాలర్లు. మనలో చాలామందికి మొదటి ఉద్యోగంలో అటూ ఇటూగా వచ్చే జీతం. ఆమెకి ప్రకటనల డబ్బు వేరేగా, బోలెడంత వస్తుంది, కాదనను. కానీ బెంచీ చివర కూర్చునే పన్నెండో అమ్మాయికి బూట్ల కంపెనీ చెక్కు రాదు.

ఒక జట్టు జీతాలకి పెట్టగలిగే మొత్తం మీద పరిమితి ఉంది. ఈ ఏడాది అది 15,07,100 డాలర్లు. దాన్ని 13తో హెచ్చవేయండి. కోటీ 96 లక్షల డాలర్లు వస్తుంది. ఆ లీగులో ఆడే ప్రతి మనిషికీ ఏడాదికిచ్చే జీతాలు మొత్తం కలిపినా దాదాపు అంతే. ఇప్పుడు ఇంకో అంకె చూడండి. డిస్నీ, అమెజాన్, ఎన్‌బీసీయూనివర్సల్ సంస్థలతో లీగు 2024లో టీవీ ఒప్పందం కుదుర్చుకుంది. 11 ఏళ్లకి సుమారు 220 కోట్ల డాలర్లు, 2026 నుంచి మొదలు. ఏడాదికి 20 కోట్లు అనుకోండి. ఇంకా టికెట్లు, జెర్సీలు, స్పాన్సర్లు లెక్కలోకి రాలేదు. ఒక్క టీవీ డబ్బులోనే జీతాలు పదో వంతు.

మొన్న జూన్ 30న క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియాలకి కొత్త జట్లు ఇస్తున్నట్టు చెప్పారు. ఒక్కో జట్టుకి లీగులో చేరడానికి కట్టే ఫీజు 25 కోట్ల డాలర్లు. ఒక్క ఊరు కట్టే ఆ ఫీజుతో ఇప్పుడున్న 13 జట్ల జీతాలన్నీ పన్నెండేళ్ల పాటు ఇవ్వొచ్చు. డబ్బు సంపాదించి చూపించమన్న అన్నయ్యగారూ, డబ్బున్న మనుషులు ఒక జట్టు కోసం 25 కోట్ల డాలర్లు ఊరికే పెట్టరు. ఆ విలువ వచ్చింది గోడల వల్ల కాదు, కుర్చీల వల్ల కాదు. ఆడేవాళ్ల వల్ల.

మరి ఇంత పెరిగినా జీతాలు ఎందుకు పెరగలేదు? దీనికి జవాబు 2020లో రాసుకున్న ఒప్పందంలో ఉంది. జట్టు జీతాల పరిమితి ఏటా 3 శాతం పెరుగుతుంది. ఆదాయం రెట్టింపైనా అంతే, మూడింతలైనా అంతే. ఆదాయంలో వాటా ఇస్తామని అందులో ఒక మాట ఉంది. కానీ ఆదాయం ముందే పెట్టుకున్న లక్ష్యాలు దాటితేనే. ఆ లక్ష్యాలు ఏ ఏటికి ఆ ఏడు కాదు, ఏళ్లన్నీ కూడికలుగా వస్తాయి. మొదటి ఏడే కరోనా. 2020లో ఆటలన్నీ ఫ్లోరిడాలో ఒకే చోట, ఒక్క ప్రేక్షకుడు లేకుండా ఆడారు. ఆ గొయ్యి పూడితే కానీ వాటా రాదు.

మా తాతయ్య ఇంకొకరి చేను సగపాలుకి చేసేవాడు. వాన బాగా పడి పంట పండితే ఇద్దరి ఇళ్లలోనూ గాదెలు నిండేవి, పోతే ఇద్దరికీ పోయేది. అదే ఊళ్లో ఏడాది జీతానికి కుదిరిన పాలేర్లు కూడా ఉండేవాళ్లు. చేను ఎంత విరగపండినా పాలేరుకి ముందు చెప్పుకున్న బస్తాలే. మగవాళ్ల ఎన్‌బీఏ నడిచేది సగపాలు పద్ధతిలో. ఆట మీద వచ్చే ఆదాయంలో సుమారు సగం ఆడేవాళ్లకి పోతుంది. ఆడవాళ్లకి ఇచ్చేది పాలేరు జీతం. వాళ్లు మగవాళ్లంత డబ్బు అడగడం లేదు. లెబ్రాన్ జేమ్స్ జీతం మాకివ్వండి అని ఎవరూ అనలేదు. కెల్సీ ప్లమ్ లాంటి ప్లేయర్లు ఏళ్ల తరబడి చెప్తున్నది ఒకటే: మా ఆటకి ఎంత వస్తే అందులో మా పాలు మాకివ్వండి. మన గ్రూపులో వచ్చిన మాటలన్నీ "మగవాళ్లతో సమానంగానా" అనే ప్రశ్న చుట్టూ తిరిగాయి. వాళ్లు అడగని ప్రశ్నకి మనం నవ్వాం.

ఓనర్ల వైపు మాట కూడా ఉంది, దాన్ని దాచను. ఈ లీగు 1997లో ఎనిమిది జట్లతో మొదలై చాలా ఏళ్లు నష్టంలోనే నడిచింది. మొదటి నాలుగేళ్లూ వరసగా కప్పు గెలిచిన హ్యూస్టన్ కామెట్స్ లాంటి జట్టే 2008లో మూతపడింది. 2022లో బయటి పెట్టుబడిదారుల నుంచి ఏడున్నర కోట్ల డాలర్లు తీసుకుని 16 శాతం వాటా ఇచ్చేశారు, ఆ వాటా కూడా లాభంలోంచే పోవాలి. రెండేళ్లుగా జట్లన్నీ చార్టర్ విమానాల్లో తిరుగుతున్నాయి, దానికీ ఏడాదికి రెండున్నర కోట్లు. ఇవన్నీ నిజాలే. కష్టకాలంలో నిలబడ్డ ఓనర్లకి ఫలితం దక్కాలి. కానీ ఆ కష్టకాలంలో నిలబడింది వాళ్లొక్కరే కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్లు ఏం చేసేవాళ్లో మీలో ఎంతమందికి తెలుసు? ఇక్కడ సీజన్ అయిపోగానే పెట్టె సర్దుకుని రష్యా, టర్కీ, చైనాలకి పోయేవాళ్లు. ఏడాదికి రెండు సీజన్లు, ఒళ్లు పులిసిపోయేలా. డయానా టారసీ 2015లో ఇక్కడి సీజన్ మొత్తం ఆడలేదు. ఆమె శీతాకాలం ఆడే రష్యా జట్టు, వేసవిలో ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకో, ఆ డబ్బు కూడా మేమిస్తాం అంది. ఇక్కడ ఆమెకిచ్చే పెద్ద జీతం లక్షా పది వేల డాలర్ల లోపే, అక్కడ పది లక్షలు దాటి. సొంత దేశంలో ఆడొద్దని పరాయి దేశం డబ్బిస్తే, అది కాదనుకోలేని పరిస్థితిలో ఉంది ఆ కాలపు గొప్ప ప్లేయర్.

ఇంకో పెద్ద ప్లేయర్ బ్రిట్నీ గ్రైనర్ కథ మీరు వార్తల్లో చూసే ఉంటారు. 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో పట్టుబడింది, తొమ్మిదేళ్ల జైలు వేశారు, డిసెంబరులో ఖైదీల మార్పిడి మీద ఇల్లు చేరింది. ఆమె దగ్గర దొరికిన గంజాయి నూనె గురించి అప్పుడు మనవాళ్లు చాలా మాట్లాడారు. అసలు ఆ అమ్మాయి ఆ విమానం ఎందుకు ఎక్కింది అన్నది మాట్లాడుకోలేదు. అక్కడి జట్టు ఇచ్చే జీతం కోసం. ఆ జూలైలో షికాగోలో జరిగిన ఆల్‌స్టార్ ఆటలో సగం ఆట అయ్యాక ప్లేయర్లందరూ గ్రైనర్ పేరు, 42 నంబరు ఉన్న జెర్సీలు వేసుకుని వచ్చారు. రెండు జట్లలో ఎవరు ఎవరో చెప్పలేని ఆట అది. అందరూ ఆమే.

ఆల్‌స్టార్ ఆటకి ఈ పని కూడా ఉందని నాకు ఈమధ్యే బోధపడింది. గెలిచినా ఓడినా పాయింట్ల పట్టికలో ఏమీ మారదు. కోర్టు మీద, అక్కడ నిలబడి వేస్తే నాలుగు పాయింట్లు వచ్చే గుర్తులు పెడతారు, షాట్ వెయ్యడానికిచ్చే గడువు 20 సెకన్లకి తగ్గిస్తారు, డిఫెన్స్ ఎవరూ గట్టిగా చెయ్యరు. మొన్న కూడా 151-131, అంతా పాయింట్ల వానే. స్కైలర్ డిగ్గిన్స్ 15 అసిస్టులతో (తోటివాళ్లకి పాయింట్లు తెచ్చిన పాసులు), ఆల్‌స్టార్ చరిత్రలోనే మొదటి ట్రిపుల్ డబుల్ (మూడు లెక్కల్లో పదీ, పైన) చేసింది, చూడ్డానికి కన్నుల పండగ. కానీ ఏడాదంతా పదమూడు ఊళ్లలో విడివిడిగా పని చేసే మనుషులు ఒకే ఊళ్లో, ఒకే కప్పు కింద, దేశం చూస్తుండగా కలిసే రోజు అదొక్కటే. ఆ గురువారం నలభై మందికి పైగా ప్లేయర్లు లీగువాళ్లతో కొత్త ఒప్పందం గురించి మాట్లాడటానికి కూర్చున్నారు. అంతమంది ఒకేసారి కూర్చున్నది ముందెప్పుడూ లేదట. మాట కుదరలేదు. శనివారం టీషర్టులు వచ్చాయి.

ఇది ఆడవాళ్లు కొత్తగా నేర్చుకున్న గొడవ అనుకునేవాళ్లకి ఒక పాత సంగతి. 1964 జనవరిలో బోస్టన్‌లో మగవాళ్ల ఎన్‌బీఏ ఆల్‌స్టార్ ఆట. బయట మంచు తుఫాను. టీవీలో చూపించడానికి అంతా సిద్ధం. లోపల డ్రెస్సింగ్ రూములో బిల్ రస్సెల్, జెర్రీ వెస్ట్, ఆస్కార్ రాబర్ట్‌సన్ లాంటి వాళ్లంతా, పెన్షన్ సంగతి తేలేదాకా కోర్టు మీదికి రామని కూర్చున్నారు. ఓనర్లు బెదిరించారు. వీళ్లు కదల్లేదు. కమిషనర్ వాల్టర్ కెనడీ మాట ఇచ్చాకే బయటికి వచ్చారు, ఆట ఆలస్యంగా మొదలైంది. ఇవాళ మన పిల్లలు పోస్టర్లు అంటించుకునే ఎన్‌బీఏ జీతాల పునాదుల్లో ఆ రాత్రి కూడా ఉంది. వాళ్లని ఇవాళ మొనగాళ్లంటాం. ఆట ఆపకుండా, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా, టీషర్టు వేసుకుని అడిగిన ఆడవాళ్లని చూసి నవ్వుతాం.

"ఎవరూ చూడని ఆట" అన్నదానికి కూడా అంకెలే చెప్తాను. 2023 ఆల్‌స్టార్‌ని టీవీలో సుమారు ఎనిమిదిన్నర లక్షల మంది చూశారు. 2024లో ఫీనిక్స్‌లో అమెరికా ఒలింపిక్ జట్టు మీద జరిగిన ఆటకి 34 లక్షలు. మొన్న సుమారు 22 లక్షలు. తగ్గింది కదా అంటారు. తగ్గింది, క్లార్క్ ఆడలేదు కాబట్టి. ఆమె వల్ల వచ్చిన జనం ఎంతమందో ఆ తేడాలోనే ఉంది, ఒప్పుకోవాలి. ఈసారి అభిమానుల ఓట్లలో ఆమెకి పన్నెండు లక్షల తొంభై వేలకి పైగా పడ్డాయి. కానీ ఆమె లేకపోయినా, రెండేళ్ల కిందటి కంటే రెండున్నర రెట్లు జనం చూశారు. క్లార్క్ తలుపు తీసింది. లోపలికి వచ్చినవాళ్లు మిగతావాళ్ల ఆట చూసి కూర్చుండిపోయారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ ఏడాదే పుట్టిన గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ జట్టులో క్లార్క్ లేదు. అయినా అక్కడ ఆటాటకీ పద్దెనిమిది వేల సీట్లు నిండుతున్నాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అసలు నాకు బాధ కలిగింది ఇక్కడే.

ఆల్‌స్టార్ ఆటకి సరిగ్గా వారం ముందు, ఇంగ్లండ్‌లో మన అమ్మాయిలు టీ20 సిరీస్ 3-2తో గెలిచారు. పది వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ అయింది శ్రీచరణి, మన కడప జిల్లా పిల్ల. ఆ రోజు ఇదే గ్రూపులో ఎంత సందడి! "మన తెలుగమ్మాయి" అని ఫొటోలు, చప్పట్లు, రాయలసీమ అన్నలు ఇద్దరు వాయిస్ మెసేజీలు పెట్టారు. ఫిబ్రవరిలో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అండర్-19 ప్రపంచకప్ గెలిపించి, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించినప్పుడు ఎవరూ "ఎందుకంత" అనలేదు. అనకూడదు కూడా. శ్రీచరణిని మహిళల ప్రీమియర్ లీగు వేలంలో ఢిల్లీ జట్టు 55 లక్షలకి తీసుకుంది. ఆ లీగు 2023లో మొదలైంది. అంతకుముందు ఏడాదే ఆడవాళ్లకీ మగవాళ్లకీ మ్యాచ్ ఫీజు సమానం చేశారు, టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. అది రావడానికి ముందు మన హైదరాబాద్ మిథాలీ రాజ్ ఇరవై ఏళ్లకి పైగా ఆడి, ఆ లీగు మొదలయ్యేలోపే రిటైరైపోయింది. ఆమెకి ఎవరు బాకీ? ఆ ఇరవై ఏళ్లూ మనమూ అన్నాం కదా, ఆడవాళ్ల క్రికెట్ ఎవరు చూస్తారు అని.

నేనూ ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడాను. ఈ సంగతి మీలో ఎవరికీ తెలియదు. గుంటూరు జిల్లాలో మా స్కూల్లో సిమెంటు కోర్టు, వల లేని ఇనప రింగు. పడితే మోకాలి చిప్ప లేచిపోయేది. ఆరుగురం ఆడేవాళ్లం పొద్దున ఐదున్నరకి, మగపిల్లలు వచ్చి కోర్టు ఖాళీ చేయించేలోపు. జిల్లా జట్టుకి ఎంపికయ్యాను. ఇంటర్ రెండో ఏడాదిలో ఇంట్లో అడిగారు, "దీని వల్ల ఏం వస్తుంది?" అని. నేను చెప్పగలిగింది ఒకటే, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రావచ్చు అని. నిజంగానే మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి ఉన్న బతుకుదారి అదే. గీతూ అన్నా జోస్ అంతటి ప్లేయర్, 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ట్రయల్స్‌కి పిలిచిన మొదటి భారతీయురాలు, ఆమె కూడా సదరన్ రైల్వే ఉద్యోగే. నేను ఆమె కాలి గోటికి సరిపోను. బూట్లు తమ్ముడికిచ్చి ఎంసెట్ కోచింగ్‌లో చేరాను. మా నాన్నగారి మీద నాకు కోపం లేదు. ఆయన అడిగిన ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, దేశం దగ్గరా లేదు.

ఇక్కడ ఉంది. మన ఇళ్లకి అరగంట దూరంలో ఉంది. అందుకే మనం చేస్తున్న ఒక పని గురించి చెప్పాలి. మన ఆడపిల్లలు ఐదో క్లాసు దాకా బాస్కెట్‌బాల్ ఆడతారు. ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి ఒక్కొక్కరే మాయమవుతారు. మా అమ్మాయి జట్టులో మూడేళ్ల కిందట నలుగురు తెలుగు పిల్లలుండేవాళ్లు, ఇప్పుడు ఇదొక్కతే. వాళ్లకి ఆట మీద ఇష్టం పోలేదు. మ్యాథ్ క్లాసు, కూచిపూడి, ఎండకి నల్లబడతారని, మోకాళ్లకి దెబ్బలు తగులుతాయని. వాళ్ల అన్నదమ్ములు మాత్రం ఆడుతూనే ఉన్నారు. మన పిక్నిక్‌లలో మగవాళ్లకి క్రికెట్ టోర్నమెంటు, ఆడవాళ్లకి ముగ్గుల పోటీ. ముగ్గులంటే నాకూ ఇష్టమే. దాని పక్కన రింగు ఒకటి ఎందుకు ఉండకూడదు?

మా అమ్మాయి ప్రొఫెషనల్ అవుతుందని నేను అనుకోవడం లేదు, 156 ఉద్యోగాలని నేనే రాశాను. కానీ రేపు అది ఏ ఆఫీసులోనో, ఏ ఆస్పత్రిలోనో పని చేస్తుంది. పక్కవాడికి ఎంత ఇస్తున్నారో, తన పనికి ఎంత వస్తోందో లెక్క వేసుకోవాలి. తనకి రావాల్సింది రాకపోతే అడగాలి. ఆ రాత్రి అది పదహారు వేల మంది మధ్య నిలబడి, తను పూజించే ఆడవాళ్లు అందరూ ఒకే మాట మీద నిలబడి అడగడం చూసింది. మరుసటి రోజు పొద్దున, తనని చిన్నప్పటి నుంచి ఎత్తుకున్న అంకుల్స్ ఆ మాటకి నవ్వడం చూసింది. రెంటిలో ఏది దాని మనసులో ఎక్కువ కాలం ఉంటుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు, వాళ్లూ ఫోన్లు చూస్తారు.

ఇప్పుడున్న ఒప్పందం 2025 అక్టోబరు 31తో అయిపోతుంది. ప్లేయర్ల యూనియన్ కిందటి అక్టోబరులోనే దాన్నుంచి బయటికి వస్తామని చెప్పేసింది. ఈలోగా కొత్తది కుదరాలి. అక్కడ మనకి కుర్చీ లేదు, కానీ ఓనర్లు లెక్కలు చూసేటప్పుడు వాళ్ల ముందు ఉండేది మనమే, అంటే టికెట్లు, టీవీలు. ఫీవర్ జట్టు ఆటలు ఈ సీజన్‌లో ఇంకా ఉన్నాయి. ఒక్క ఆటకి రండి. క్లార్క్ కోలుకుని ఆడుతుందా లేదా అని చూసుకోకుండా రండి. కెల్సీ మిచెల్ ఎడమ చేత్తో రింగు మీదికి ఎలా దూసుకెళ్తుందో, అలియా బోస్టన్ రింగు కింద ఎలా చోటు చేసుకుంటుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. మగవాళ్ల రింగు ఎంత ఎత్తో ఇదీ అంతే, పది అడుగులు. చూశాక కూడా ఆ టీషర్టు మీది మాట తప్పనిపిస్తే, గ్రూపులో రాయండి, నేను చదువుతాను, జవాబు కూడా రాస్తాను.

సంఘం క్రీడా కమిటీలో ఉన్న అన్నలకీ వదినలకీ ఒక మనవి. వచ్చే ఏడాది సంక్రాంతి ఆటల్లో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ పెట్టండి. జిమ్ అద్దె నేను చూసుకుంటాను, ఇద్దరు రిఫరీలని మా అమ్మాయి కోచ్ ఇస్తానన్నారు. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఒక గ్రూపు, అమ్మలకి ఒక గ్రూపు. అమ్మలకి అన్నది పొరపాటున రాయలేదు.

అంతదాకా ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మేం ఇద్దరం మా ఇంటి పక్క పార్కు కోర్టులో ఉంటాం. ఆరో సైజు బంతులు రెండున్నాయి, ఇంకో రెండు కొంటాను. మీ అమ్మాయిల్ని పంపండి, నీళ్ల సీసా, మామూలు బూట్లు చాలు. ఆడటం రాకపోయినా ఫరవాలేదు. రింగుకి వల ఉంది.

మీ గ్రూపులోనే ఉన్న ఒక తల్లి,
ఫిషర్స్, ఇండియానా